నాలుగో పక్క

నాకు నోరెక్కువని మా ఆయన నలుగురిలో చెప్పేవాడు. ఆ నోరు వినడానికి మనిషి లేక కర్నూలు మిద్దెలో నేను ఏడేళ్లు ఎట్లా గడిపానో ఆయనకేం తెలుసు? శెనక్కాయల మిల్లుకు సరుకు కొనే పని ఆయనది. సోమవారం తెల్లారి సంచీ పట్టుకుని పోతే ఆదోని, డోను, నంద్యాల తిరిగి శనివారానికి ఇల్లు చేరేవాడు. అత్తామామలు నేను కాపురానికి రాకముందే పోయారు. పిల్లలు లేరు. పొద్దున పదింటికల్లా వంటా, ఊడ్పూ, ఉతుకూ అన్నీ అయిపోయేవి. ఆ తర్వాత సాయంత్రం దాకా ఏం చెయ్యాలి? గోడతో మాట్లాడేదాన్ని. నిజంగానే మాట్లాడేదాన్ని. గోడ ఎదురు చెప్పదు కాబట్టి దాంతో పోట్లాట కూడా సాగేది కాదు.

నేను కడప దగ్గర పల్లెలో, పూటకు ఇరవై విస్తళ్లు లేచే ఇంట్లో పుట్టాను. అక్కడ ఒంటరిగా కాసేపు కూచోవాలంటే గడ్డివాము వెనక్కి పోవాలి. పెళ్లయితే కాస్త నిమ్మళంగా ఉంటుందని మా అమ్మ అంటే సంతోషపడ్డాను కూడా. ఇంత నిమ్మళం దొరుకుతుందని ఆమె చెప్పలేదు.

కర్నూలు రాజధాని అయ్యాక ఊరి తీరు మారిపోయింది. ఆఫీసులు గుడారాల్లో పెట్టారు. గుమాస్తాలకు ఇళ్లు దొరక్క కొందరు పశువుల కొట్టాలకు సున్నం కొట్టి అద్దెకిచ్చారు. మా ఆయన ముందు గదులు రెండూ ఒక గుమాస్తాకిచ్చాడు. వాళ్లది గుంటూరు వైపు, ఆఫీసుతో పాటే మద్రాసు నుంచి వచ్చారు. అతని భార్యకు ఇరవై ఏళ్లుంటాయేమో. వచ్చిన రోజే బిందె పట్టుకుని పెరట్లోకొచ్చి, బావిలోకి తొంగి చూసి, "నీళ్లు ఇంతేనాండీ?" అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఈడ ఇంతేమ్మే. ఏడిస్తే ఇంగ రోంత ఎక్కువైతాయేమో సూడు" అన్నాను.

ఆ పిల్ల ఏడుపు మానేసి పకపకా నవ్వింది. నా మాటకు ఒక మనిషి నవ్వి ఎన్నాళ్లయిందో. ఆ రోజు ఇంట్లోకొచ్చి పని లేకపోయినా అటూ ఇటూ తిరిగాను.

కుట్టుపని ఆ పిల్లతోనే మొదలైంది. దిండు గలీబు మీద చిలకను కుడుతూ మా పడసాలలో కూచునేది. చిలకకు ముక్కు ఒకవైపు, కన్ను ఇంకోవైపు పోయేవి. ఎదురింటి పెద్దావిడ బురఖా ముసుగు పైకి తోసి, గడపలో నిలబడి ఆ చిలకను చూసి "అది చిలకా, కాకరకాయా?" అనేసింది. మేమంతా ఆమెను ఖాలా అనేవాళ్లం. మా వీధిలో బొంత కుట్టాలంటే ఖాలా ఇంటికే పోవాలి. డెబ్బై ఏళ్లకు దగ్గరపడినా సూదిలో దారం తనే ఎక్కించుకునేది. కాకరకాయ అన్న రోజు నుంచి ఆమె కూడా మధ్యాహ్నాలు మా పడసాలకే రావడం మొదలుపెట్టింది. వాళ్లింట్లో మనవలూ మనవరాళ్లూ, కాలు చాపుకోవడానికి చోటుండేది కాదు.

నాలుగో మనిషి టీచరమ్మ. వీధి చివర మిషన్ బడిలో చదువు చెప్పేది. ఆమెది పొద్దుటిపూట బడి, ఒకరోజు మధ్యాహ్నం ఇంటికి పోతూ మమ్మల్ని చూసి ఆగింది. లేసు అల్లడం ఆమెకు దొరసానులు నేర్పారట. మా దగ్గర లేసు సూదులు లేకపోతే పాత గొడుగు పుల్లలు విరిచి, కొసలు బండకు అరగదీసి, కొక్కెంలాగా వంచి ఇచ్చింది. నా మొదటి లేసు దేవుడి పటానికి అంచనుకుని మొదలుపెడితే చివరికి చెంబు మీద మూతకు కూడా చాల్లేదు. అయినా దాన్ని కిటికీకి కట్టి మా ఆయనకు చూపించాను. "బాగుంది, ఏంది అది?" అన్నాడు పాపం.

ఆ తర్వాత మాకు రంగుల పిచ్చి పట్టింది. బజారులో దర్జీ దగ్గర పడేసే ముక్కలన్నీ ఖాలా మనవరాలు మూట కట్టి తెచ్చేది. జాకెట్టు గుడ్డలు, లంగా గుడ్డలు, మెరుపు పోయిన పట్టంచులు, ఎవరిదో పెళ్లి షేర్వాణీ లోపలి గుడ్డ. నాపరాళ్ల నేల మీద అవన్నీ గుమ్మరించి, పసుపు పక్కన ఊదా పెట్టాలా, ఆకుపచ్చ పెట్టాలా అని గంటలు గంటలు కొట్లాడేవాళ్లం. బయట ఎండ మండిపోతుండేది. వీధిలో కుక్క కూడా కదిలేది కాదు. మేం మాత్రం చిలకపచ్చ ముక్క కోసం జుట్లు పట్టుకునేంత పని చేసేవాళ్లం. నాకు ఆ కొట్లాటలు శనివారం కంటే ఎక్కువ ఇష్టంగా ఉండేవి. ఈ మాట మా ఆయనకు చెప్పలేదు.

బొంత కుట్టడంలో ఖాలాకు ఒక పద్ధతి ఉండేది. పాత నూలు చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, మీద రంగు ముక్కల గుడ్డ వేసి, మూలలకు రాళ్లు పెట్టాలి. నాలుగు పక్కల నలుగురు కూచుని అంచు నుంచి నడిమికి కుట్టుకుంటూ రావాలి. ఒక పక్క ఎవరు పట్టుకుంటే ఆ పక్క వాళ్లే ముగించాలి. ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. జ్వరమొచ్చి పడుకుంటే లేచేదాకా ఆ పక్క అట్లాగే ఉండాల్సిందే. ఎవరి దారం రంగు వారిది. ఖాలాది ఆకుపచ్చ, టీచరమ్మది తెలుపు, గుంటూరు పిల్లది పసుపు, నాది ఎరుపు. అసలు రంగులు చూడక్కర్లేదు, కుట్టు చూసి మనిషిని చెప్పగలనని గొప్పలు పోయేదాన్ని. ఖాలా కుట్టు పొడుగ్గా సాఫీగా పోతుంది. టీచరమ్మది రూళ్ల పుస్తకంలో రాసినట్టుంటుంది. నాది పొట్టి, బిగువు. గుంటూరు పిల్లది నాలుగు కుట్లు తిన్నగా పోయి అయిదోది పక్కకు జారుతుంది.

నాలుగు గంటలకు అందరూ లేచేవాళ్లు. టీచరమ్మకు పిల్లలొచ్చే వేళ, ఖాలాకు నమాజు వేళ, ఆ పిల్లకు మొగుడొచ్చే వేళ. నాకు ఏ వేళా కాదు. చాప చుట్టి, రాళ్లు మూలకు పెట్టి, దారప్పోగులు ఏరుతూ చీకటి పడేదాకా అక్కడే కూచునేదాన్ని. మనుషులు లేని ఏడేళ్లకంటే, మనుషులు వచ్చి పోయాక మిగిలే ఆ రెండు గంటలే ఎక్కువ బాధపెట్టేవి.

రెండో ఏడు ఆ పిల్లకు నెల తప్పింది. అంతకుముందు మద్రాసులో ఉన్నప్పుడు ఒకటి నాలుగో నెలలో పోయిందట. అందుకని అయిదో నెల దాకా మాకెవరికీ చెప్పలేదు. చెప్పిన రోజే ఖాలా తన పెట్టెలో నుంచి మెత్తటి పాత చీర ఒకటి తెచ్చి పరిచింది. టీచరమ్మ ఒకటి తెచ్చింది. నేను మా అమ్మ ఇచ్చిన మాధవరం చీర తెచ్చాను. పుట్టబోయే బిడ్డకు బొంత.

చీర అయితే పరిచాను కానీ నేను పక్క పట్టలేదు. మా పల్లెలో పసిబిడ్డ బొంతకు కన్నతల్లులే సూది పట్టాలి. కడుపు పండని మనిషి కుట్టు బిడ్డ ఒంటికి తగలకూడదంటారు. మా పిన్నమ్మ ఒకామెను అట్లా లేపి పంపడం నేను చిన్నప్పుడు కళ్లారా చూశాను. అప్పుడు అది నాకు తప్పనిపించలేదు కూడా. అందుకే ఎవరూ లేపకముందే నేనే దూరంగా కూచుని, తలనొప్పి అని చెప్పి, ముక్కలు కత్తిరిస్తున్నాను.

గుంటూరు పిల్ల కాసేపు చూసి సూది కింద పెట్టేసింది. "అక్కయ్యా, మీరు కూర్చోకపోతే నేనూ కుట్టను" అంది.

"వద్దులేమ్మే, మా పక్క అట్లా కుట్టరు" అన్నాను.

"యా పక్క?" అంది ఖాలా. "బొంత చినగకుండ ఉండాలంటే కుట్టు గట్టిగుండాల. ఈడ మనలో గట్టి కుట్టు నీదే. తలనొప్పి లేదు, ఏం లేదు. వచ్చి కూచో బేటీ."

ఆ పిల్ల లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయి నాలుగో పక్కన కూచోబెట్టింది. ఇంకో పక్కన తను కూచుంది. నేను సూదిలో ఎర్రదారం ఎక్కించలేకపోయాను. కళ్లకు ఏమీ ఆనలేదు. టీచరమ్మ ఎక్కించి ఇచ్చింది.

పదిహేను రోజులు కుట్టాం. అంత చిన్న కుట్లు నేను మళ్లీ ఎప్పుడూ వెయ్యలేదు. బొటనవేలు వాచిపోయింది. ఒక్కసారైనా నన్ను ఆ తల్లుల లెక్కలో కలుపుకోవాలని నాకు ఎంత ఆశో! ఆ బిడ్డ ఈ బొంత మీద పడుకుంటే నా పక్క మీద కూడా పొర్లుతుంది కదా, ఎక్కడో కాలు తగులుతుంది కదా అనుకునేదాన్ని. ఆ కుట్టు ఉన్నన్నాళ్లూ ఆ బిడ్డలో నాకు ఇంత వంతు ఉందని అనుకున్నాను. పిచ్చి అనుకోండి. పిచ్చే.

ఏడో నెలలో ఆ పిల్లను పురిటికి తీసుకుపోవడానికి గుంటూరు నుంచి వాళ్లమ్మ వచ్చింది. గట్టి మనిషి, మడి మనిషి. బొంత విప్పి చూసి "బాగా కుట్టారమ్మా" అంది. ఏ పక్క ఎవరిదో కూతురు చూపించింది. ఆవిడ నా వైపు తిరిగి "నీకెంతమంది పిల్లలమ్మా?" అని అడిగింది. లేరన్నాను. "ఊఁ" అంది. ఆ ఊఁ నాకు గుచ్చుకుంది. బొంత మడత పెట్టి లోపలికి తీసుకుపోయారు.

ప్రయాణం రోజు పొద్దున వాళ్లు సామాను సర్దుతున్నారు. బొంత పెట్టెలో పెట్టే ముందు కాస్త ఎండ తగలనిద్దామని నేనే తీసుకుపోయి పెరట్లో తీగ మీద వేశాను. ఆకుపచ్చ పక్క ఉంది. తెల్ల పక్క ఉంది. పసుపు పక్కలు రెండున్నాయి. ఎరుపు లేదు. తిప్పి చూశాను, మళ్లీ తిప్పి చూశాను. నా పక్కన పాత చీర మీద నేను కుట్టిన చోటల్లా సన్నటి సూది బెజ్జాలు వరసగా కనిపిస్తున్నాయి. వాటి మీదుగా కొత్త పసుపు దారం పోయింది. నాలుగు కుట్లు తిన్నగా, అయిదోది పక్కకు.

తర్వాత కోపం వచ్చింది. నా కోపం సంగతి మా వీధికి తెలుసు. జట్కా వచ్చి నిలబడింది, పెట్టెలు ఎక్కిస్తున్నారు. ఎదురింటి గడపలో ఖాలా, పక్కన టీచరమ్మ ఆ పిల్లను సాగనంపడానికి నిలబడి ఉన్నారు. నేను బొంత తీసుకుపోయి ఆ తల్లి ముందు పడేశాను.

"ఏమ్మా, నా కుట్టు అంత పాపం జేసిందా? ఇష్టం లేకుంటే మొగం మీద జెప్పాల. దొంగతనంగా ఇప్పేదేంది? నాకు పిల్లలు లేరు గాని మానం లేదనుకుంటివా?" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. ఆమె ఊరిని అన్నాను, వాళ్ల నీళ్లను అన్నాను. వీధిలో జనం తలుపులు తీసి చూశారు.

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. బొంత తీసి, దుమ్ము దులిపి, మడత పెట్టింది. "నేను ముట్టుకోలేదమ్మా" అంది నెమ్మదిగా. "మా అమ్మాయి విప్పుతుంటే వద్దే, తప్పే అన్నాను. వినలేదు. మూడు మధ్యాహ్నాలు తలుపేసుకుని కూర్చుని విప్పింది. దానికి భయం."

జట్కాలో ఆ పిల్ల తల వంచుకుని కూచుని ఉంది. నేను దగ్గరికి పోయాను. ఆ వంకర కుట్టు ఎవరిదో తీగ దగ్గరే నాకు తెలుసు. కుట్టు చూసి మనిషిని చెప్పగలదాన్ని, ఆ కుట్టును గుర్తుపట్టనా? గుర్తుపట్టాను. తెలిసీ తల్లి మీద పడ్డాను, తల్లి చేసిందైతే తట్టుకోగలను కాబట్టి.

"భయమేసింది అక్కయ్యా" అంది. తల ఎత్తలేదు.

నోటి దాకా ఒక మాట వచ్చింది. కడుపుతో ఉన్న మనిషితో అనకూడని మాట. మింగాను. నా జన్మలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే. జట్కా తోలేవాడు అదిలించాడు, బండి కదిలిపోయింది. పోయి రా అని కూడా అనలేదు.

మూడు నెలలకు కార్డు వచ్చింది. మగపిల్లాడు, తల్లీ బిడ్డా క్షేమం అని ఆ గుమాస్తా చదివి చెప్పాడు. నా కడుపులో నుంచి ఒక బరువు దిగినట్టయింది. అదే క్షణంలో, చూశావా, నీ కుట్టు లేకుండానే బాగా పుట్టాడు అని లోపల ఎవరో అన్నారు. అంతకుముందు ఒకటి పోయిన పిల్ల. ఆ స్థానంలో నేనుంటే నేనూ విప్పేదాన్నేమో. నేను పుట్టి పెరిగిన ఇంట్లో నేర్చుకున్నది అదే కదా. ఆ పిల్ల తప్పు చెయ్యలేదేమో అన్న అనుమానమే నన్ను ఎక్కువ తినేసింది.

ఆ పిల్ల మళ్లీ కర్నూలు రాలేదు. రాజధాని హైదరాబాదుకు పోయింది, ఆఫీసులతో పాటు గుమాస్తాలూ పోయారు. అతనొక్కడే వచ్చి సామాను లారీకి ఎక్కించుకుని పోయాడు. ఒక్క నెలలో వీధి వీధంతా ఖాళీ అయిపోయింది. ముందు గదుల్లో మాట్లాడితే మాట తిరిగి వినిపించేది.

కుట్టుపని ఆగలేదు. ఆగింది నేనే. లేసు అల్లేదాన్ని, ముక్కలు కత్తిరించేదాన్ని, బొంత దగ్గరికి మాత్రం పోయేదాన్ని కాదు. మరుసటి ఎండాకాలం ఖాలా మనవరాలికి నెలలు నిండుతున్నాయి. ఖాలా, టీచరమ్మ వచ్చి మా పడసాలలోనే చీరలు పరిచి మూలలకు రాళ్లు పెట్టారు. గుంటూరు పిల్ల లేదు కాబట్టి ఖాలా రెండు పక్కలు పట్టింది.

"నాలుగో పక్క నీది. రా బేటీ" అని పిలిచింది.

"కండ్లు మంటలు ఖాలా" అని లోపలి నుంచే అన్నాను.

రెండో రోజు కూడా పిలిచింది. ఒళ్లు నొప్పులన్నాను. ఆ రోజు టీచరమ్మ లేచి లోపలికొచ్చి నా మంచం పక్కన నిలబడింది. ఆమె గొంతు ఎప్పుడూ పైకి లేవదు. "మొదట్లో మీ ఇంట్లో నాకు వేరే గ్లాసు ఉండేది" అంది. "నేను తాగి, కడిగి, బోర్లించి పొయ్యేదాన్ని. మీకు గుర్తుండాదో లేదో. అయినా మర్నాడు మళ్లీ వచ్చినాను కదమ్మా."

నాకు గుర్తుంది. ఆ గ్లాసు ఎప్పుడు మానేశానో మాత్రం గుర్తులేదు. ఆమెకు గుర్తుండే ఉంటుంది. సిగ్గుతో గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆమె వెళ్లిపోయి తన పక్క కుట్టుకుంది. లేచి పోవాలనే ఉంది. ఎర్రదారం ఉండ దిండు కింద పెట్టుకుని కూడా లేవలేకపోయాను.

మూడో రోజు ఖాలా గడప దాకా వచ్చి, "బిడ్డ నాది. కడుపు నా మనవరాలిది. నేను పిలుస్తాండా. ఇంగెవురు పిలవాల నిన్ను?" అంది. ఆ ముసలామె కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదటిసారి. ఈ ఒక్క పూట పోనీ, రేపు కూచుంటా అన్నాను. నిజంగానే అనుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం పడసాల ఊడ్చి, నీళ్లు చల్లి, సూదిలో దారం ఎక్కించుకుని తలుపు వెనకే నిలబడ్డాను. ఇంకొక్కసారి పిలిస్తే చాలు, వెంటనే పోయి కూచోవాలని. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. ఎదురింట్లో నుంచి టీచరమ్మ నవ్వు వినిపించింది. ఆ ఇరుకులోనే, పిల్లల మధ్యనే, ఆ రోజు చాప పరుచుకున్నారు.